నా కారణానికి కాలదోషం పట్టింది

మా తాతయ్య ట్రంకు పెట్టెలో అడుగున ఒక రెక్సిన్ సంచి ఉండేది, అందులో అన్నీ ప్రోనోట్లే. ఊళ్ళో వాళ్ళకి ఇచ్చిన అప్పుల తాలూకు కాగితాలు, రెవెన్యూ స్టాంపు మీద అడ్డంగా సంతకాలు, కొన్నిటి మీద వేలిముద్రలు. నోటు రాసి మూడేళ్ళు నిండేలోపు అప్పు తీసుకున్నాయన్ని ఇంటికి పిలిచి, కాఫీ ఇచ్చి, పదో యాభయ్యో పుచ్చుకుని, ఇంత ముట్టిందని నోటు వెనక చెల్లు రాయించుకునేవాడు. నాకప్పుడు ఎనిమిదో తొమ్మిదో ఏళ్ళు. వెయ్యి రావాల్సిన చోట పది తీసుకుంటే ఏమొస్తుంది తాతయ్యా అని అడిగితే, "పది కోసం కాదమ్మా, కాగితం బతికుండాలిగా" అనేవాడు. చెల్లు పడకుండా మూడేళ్ళు దాటితే అప్పు నిజమే అయినా, సంతకం నిజమే అయినా ఆ కాగితం పట్టుకుని కోర్టుకి వెళ్ళలేం. కాలదోషం పట్టిందంటారు.

ఆ మాట నేను పనిచేసే చోట రోజూ వినపడుతుంది. నేను ప్రభుత్వ రంగ బ్యాంకులో క్లర్కుని, ఇప్పుడు కస్టమర్ సర్వీస్ అసోసియేట్ అంటున్నారు గానీ ఊళ్ళో అందరికీ క్యాష్ కౌంటర్లో ఉండే మేడమ్‌ని. గుంటూరు జిల్లాలో ఓ మండల కేంద్రం బ్రాంచి. 1963 నాటి లిమిటేషన్ చట్టం మా తాతయ్యకీ మా బ్యాంకుకీ ఒకటే, మూడేళ్ళలోపు అప్పు తీసుకున్నవాళ్ళ చేత ఇంత బాకీ ఉన్నామని ఒప్పుకునే బ్యాలెన్స్ కన్ఫర్మేషన్ లెటర్ మీద సంతకం పెట్టించుకోకపోతే మామూలు లోన్ డాక్యుమెంట్లు చెల్లకుండా పోతాయి. అందుకే ప్రతి మార్చిలో ఫైళ్ళన్నీ దించి తేదీలు చూస్తాం. ఈ ఏడాది, అంటే 2025 మార్చిలో ఆ పని నాకు పడింది. నూటనలభై ఫైళ్ళు. ఎర్ర పెన్ను పట్టుకుని ఒక్కొక్క ఫైలు అట్ట మీద తేదీ వేస్తూ కూర్చున్నాను.

అదే వారంలో ఒక సాయంత్రం పక్క మండలం బ్రాంచికి కొత్తగా వచ్చిన మేనేజరు ఏదో పని మీద మా బ్రాంచికి వచ్చింది. నాకు బాగా తెలిసిన మనిషి. 2011 చివర్లో ఐబీపీఎస్, అంటే ప్రభుత్వ బ్యాంకుల ఉద్యోగాలకి పరీక్షలు నడిపే సంస్థ, మొట్టమొదటిసారి పెట్టిన క్లర్కు పరీక్ష ఇద్దరం రాశాం, 2012లో ఒకే రోజు చేరాం, హైదరాబాదులో ట్రైనింగులో ఒకే గదిలో ఉన్నాం. తను ఇప్పుడు స్కేల్-2 మేనేజరు, అంటే ఆఫీసర్లలో రెండో మెట్టు. ఎంతో సంతోషంగా పలకరించింది, టీ తాగాం, మాటల్లో "నువ్వింకా ప్రమోషన్‌కి అప్లై చెయ్యలేదేంటే?" అంది. నేను ఎప్పుడూ చెప్పే మాటే చెప్పాను: "మా ఇంట్లో కుదరదే."

తను జాలిగా చూసి, "మావయ్యగారికి డయాలసిస్ ఇంకా నడుస్తోందా?" అంది.

మా మావయ్యగారు పోయి ఏడేళ్ళయింది.

తన తప్పేమీ లేదు, 2016లో నేను చెప్పిన కారణం అది, తర్వాత మేం కలవలేదు, తనకి తెలియదు. కానీ ఆ మాటకి నా దగ్గర జవాబు లేదు. "ఆయన 2018లో పోయారే" అన్నాను. "అయ్యో" అంది. కాసేపు ఇద్దరం ఏం మాట్లాడలేదు. తను వెళ్ళాక మళ్ళీ ఫైళ్ళ ముందు కూర్చున్నాను, చేతికొచ్చిన ఫైలు ఒక గేదెల లోను, కాలదోషం పట్టి అప్పటికి రెండు నెలలు. పేజీ తిప్పుతున్నా నా కళ్ళు అక్షరాల మీద లేవు. ఏడేళ్ళుగా నేను చూపిస్తున్న కాగితం చెల్లదు కదా అనే ఆలోచన ఒక్కటే.

ఆ రాత్రి పాప పడుకున్నాక ఒక నోటుబుక్కు తీసి జరిగింది జరిగినట్టు తేదీలతో రాయడం మొదలుపెట్టాను. కెరీర్ గురించి ఆలోచించడమంటే అప్పటిదాకా నాకు తెలిసిందల్లా రాత్రిపూట పక్క మీద పడుకుని కాసేపు బాధపడటం. కాగితం మీద తేదీలు పడ్డాక లెక్క వేరేగా కనబడింది.

2014లో బ్యాంకు ఉద్యోగులు రాసే మొదటి అర్హత పరీక్ష, జేఏఐఐబీ పాసయ్యాను, అప్పుడు మూడు పేపర్లే, ఒక ఇంక్రిమెంటు వచ్చింది. 2015లో పాప పుట్టింది. 2016లో ఆఫీసరు ప్రమోషన్ సర్క్యులర్ వచ్చినప్పుడు పాపకి ఏడాదిన్నర, మావయ్యగారికి వారానికి మూడు డయాలసిస్‌లు, ఒక్కోసారి నాలుగు గంటలు. మా ఆయన జడ్పీ హైస్కూల్లో ఫిజిక్స్ చెబుతారు, స్కూలు వదిలి వారానికి మూడుసార్లు గుంటూరు తిప్పడం ఆయన ఒక్కడి వల్ల అయ్యేది కాదు. ఆఫీసరయితే పోస్టింగు దేశంలో ఎక్కడైనా వేయొచ్చు. అప్లై చెయ్యలేదు. ఈ నిర్ణయం గురించి నాకు ఈనాటికీ రవ్వంత బాధ లేదు, మళ్ళీ ఆ రోజే వస్తే మళ్ళీ అదే చేస్తాను. అదే ఏడాది జేఏఐఐబీ తర్వాతి పరీక్ష సీఏఐఐబీకి కట్టాను. నవంబరు 8 రాత్రి 500, 1000 నోట్లు రద్దయ్యాయి. మర్నాడు ఒక్కరోజు బ్యాంకులు మూసి, పదో తారీఖున తెరిచాక ఆ రెండు నెలలు క్యాష్ కౌంటర్లో ఉన్నవాళ్ళు ఎవరూ మర్చిపోలేరు, రాత్రి తొమ్మిదికి క్యాష్ టాలీ అయితే అదృష్టం. డిసెంబరు పరీక్షకి పుస్తకం తెరవకుండానే వెళ్ళాను. ఒక్క పేపరు పాసయ్యాను. తర్వాత ఇచ్చిన అటెంప్టుల్లో మిగతావి పూర్తి చెయ్యలేదు కాబట్టి ఆ పాసైన పేపరు కూడా చెల్లకుండా పోయింది.

ఇంతవరకు అన్నిటికీ కారణాలున్నాయి, నిజమైనవి. 2018లో మావయ్యగారు పోయారు. 2019లో సర్క్యులర్ వచ్చింది, నేను చదవను కూడా చదవలేదు, పక్క సీట్లో అబ్బాయి అడిగితే "మా ఇంట్లో కుదరదు" అన్నాను. 2020 ఏప్రిల్ 1న పది బ్యాంకుల్ని నాలుగు చేశారు, అందులో మా బ్యాంకూ ఉంది, కొత్త సాఫ్ట్‌వేరు, కొత్త సీనియారిటీ లిస్టు, పైగా కరోనా. ఆ రెండేళ్ళు పక్కన పెడదాం. 2022లో సర్క్యులర్ వచ్చింది. "మా ఇంట్లో కుదరదు." 2024లో వచ్చింది. అదే మాట. నోటుబుక్కులో ఆ మూడు తేదీల పక్కన అప్పుడు ఇంట్లో అసలేం కుదరలేదో రాద్దామని పెన్ను పట్టుకుంటే ఒక్క ముక్క రాలేదు. అత్తయ్యగారు ఆరోగ్యంగానే ఉన్నారు. పాప స్కూలుకి వెళుతోంది. మా ఆయన ఏనాడూ వద్దనలేదు. అసలు ఆయన్ని నేను అడగలేదు.

2016లో రాసిన నోటు మీద ఒక్క చెల్లు కూడా లేకుండా తొమ్మిదేళ్ళు నడిపించాను.

ఇక్కడ ఒక మాట చెప్పాలి, లేకపోతే క్లర్కుగా ఉండిపోవడం తప్పని నేను అంటున్నట్టు ఉంటుంది. మా బ్రాంచిలో ఒకాయన కిందటేడు రిటైరయ్యారు, ముప్ఫయ్యారేళ్ళ సర్వీసు, చివరిదాకా క్లర్కే. ఆయన ప్రతిసారీ సర్క్యులర్ చదివేవారు, ఇంటికి తీసుకెళ్ళేవారు, భార్యతో మాట్లాడేవారు, రెండు రోజుల తర్వాత వచ్చి "నాకు నా పొలం, నా ఊరు ముఖ్యమమ్మా, ఈసారి కూడా వద్దనుకున్నాం" అనేవారు. ఆయన వీడ్కోలు రోజున డ్వాక్రా గ్రూపుల ఆడవాళ్ళు మూడు ఆటోల్లో వచ్చారు. ఆయన కెరీర్‌కి ఏ లోటూ లేదు, ఎందుకంటే ఆయన ప్రతిసారీ కొత్తగా సంతకం పెట్టారు. నాది అది కాదు. నేను నిర్ణయం తీసుకోవడం మానేసి దాన్నే నిర్ణయం అనుకున్నాను.

సరే, మరి ఇప్పుడు నేనెక్కడున్నాను? దీనికి జవాబు చెప్పే కాగితం బ్యాంకు దగ్గర ఉంది, ఏటా అప్రైజల్ ఫారం నింపుతాం, మార్కులు వేస్తారు. నా మార్కులు ఎప్పుడూ బాగానే ఉంటాయి. కానీ ఆ మార్కులు ఇప్పుడున్న సీట్లో ఎలా చేస్తున్నానో చెబుతాయి, రేపు ఇంకో సీట్లో కూర్చుంటే ఏమవుతుందో చెప్పవు. అందుకని ఒకరోజు మధ్యాహ్నం రద్దీ తగ్గాక మా మేనేజరు గారి దగ్గరికి వెళ్ళి సూటిగా అడిగాను, "సార్, నన్ను రేపు ఆఫీసరు సీట్లో కూర్చోబెడితే ఎక్కడ తడబడతాను?" అని. ఆయన నాకంటే ఆరేళ్ళు చిన్న. కాస్త ఇబ్బంది పడ్డారు, తర్వాత నిజం చెప్పారు. "పని మీకు తెలుసు మేడమ్. కానీ మీరు ఏ విషయమైనా తేల్చి చెప్పరు. కస్టమర్ ఏదడిగినా సార్ ని అడగండి అంటారు."

ఆ మాట చురుక్కుమంది. నిజమా కాదా చూద్దామని మర్నాడు కౌంటర్ పక్కన ఒక పాత వోచరు వెనక్కి తిప్పి పెట్టుకుని, "సార్ ని అడగండి" అన్న ప్రతిసారీ ఒక గీత గీశాను. సాయంత్రానికి ఇరవైమూడు గీతలు. రాత్రి ఒక్కొక్కటీ గుర్తు తెచ్చుకుని పక్కన రాశాను. ఒకావిడ భర్త పోయాడు, ఫిక్సెడ్ డిపాజిట్‌కి ఆవిడే నామినీ, కోర్టు నుంచి వారసత్వ సర్టిఫికెట్ తేవాలా అని అడిగింది. నాకు తెలుసు, నామినీ ఉంటే డెత్ సర్టిఫికెట్, ఆవిడ గుర్తింపు కార్డు, క్లెయిమ్ ఫారం చాలు, కోర్టుకి వెళ్ళక్కర్లేదు. ఈ పదమూడేళ్ళలో అలాంటి క్లెయిములు ఎన్ని చేశానో లెక్కలేదు. అయినా "సార్ ని అడగండి" అన్నాను. ఆవిడ చంకలో సంచీ పెట్టుకుని మేనేజరు గది బయట ముప్పావుగంట నుంచుంది. ఇరవైమూడిట్లో పదిహేడు ఇలాంటివే, జవాబు నాకు తెలిసినవే.

బ్యాంకులో మేకర్, చెకర్ అని రెండు పాత్రలుంటాయి. క్లర్కు ఎంట్రీ వేస్తే అది క్యూలో నిలబడుతుంది, ఆఫీసరు చూసి పాస్ చేస్తే తప్ప కదలదు. మోసాలు జరగకుండా పెట్టిన మంచి పద్ధతి. కానీ పదమూడేళ్ళు మేకర్‌గా ఉంటే ఆ క్యూ మనిషి లోపలికి కూడా వచ్చేస్తుంది. ఎంట్రీ వేసి ఎవరో పాస్ చెయ్యాలని ఎదురుచూడటం అలవాటైపోతుంది. నా ప్రమోషన్ విషయంలోనూ జరిగింది ఇదే అనిపించింది, ఎవరో వచ్చి "వెళ్ళమ్మా" అంటారని చూశాను, ఎవరూ అనలేదు కాబట్టి కుదరదన్నాను.

నోటుబుక్కులో మూడు పేజీలు కేటాయించాను. ఎవరూ పక్కన లేకుండా చేయగలిగినవి ఒక పేజీ, ఎవరైనా పక్కనుంటే చేయగలిగినవి ఒకటి, పేరు తెలుసు గానీ చేయలేనివి ఒకటి. మొదటి పేజీ రాస్తుంటే నాకే ఆశ్చర్యం వేసింది: క్యాష్, క్లియరింగ్, బంగారం తాకట్టు కాగితాలు, డ్వాక్రా గ్రూపుల ఖాతాలు, పింఛన్లు, డెత్ క్లెయిములు, లాకర్లు, కేవైసీ... పేజీ చాలక అట్ట లోపలి వైపు కూడా రాశాను. మూడో పేజీలో దాదాపు అంతా ఒకటే విషయం, క్రెడిట్. వ్యాపారికి ఎంత లిమిట్ ఇవ్వాలో లెక్క కట్టడం, బ్యాలెన్స్ షీట్ చదవడం, ఇచ్చిన లోను ఎటు పోతోందో కనిపెట్టుకుని ఉండటం. ఆఫీసరు పనిలో సగం అదే, నాకు రానిదీ అదే.

మేనేజరు గారిని అడిగి జూన్ నుంచి వారంలో రెండు రోజులు, క్యాష్ మూశాక ఓ గంట, లోన్లు చూసే ఆఫీసరు పక్కన కూర్చుంటున్నాను. దీనికి డబ్బులివ్వరు, ఎవరూ మార్కులు వెయ్యరు. ఆగస్టులో ఒక ఎరువుల దుకాణం వాళ్ళ సీసీ లిమిట్, అంటే వ్యాపారానికి కావలసినప్పుడల్లా వాడుకునే అప్పు పరిమితి, రెన్యూవల్‌కి వచ్చింది. ముప్ఫయ్యయిదు లక్షలు కావాలంటున్నారు. ఏడాది అమ్మకం కోటీ ఇరవై లక్షలు. చిన్న వ్యాపారాలకి రిజర్వ్ బ్యాంకు వేసిన నాయక్ కమిటీ చెప్పిన లెక్క ఒకటుంది, అమ్మకంలో పావు వంతు చేతిలో తిరగాల్సిన పెట్టుబడి, అంటే ముప్ఫై లక్షలు. అందులో అమ్మకం మీద 5 శాతం, ఆరు లక్షలు దుకాణదారు తను పెట్టుకోవాలి, మిగతా 20 శాతం, ఇరవైనాలుగు లక్షలు బ్యాంకు ఇవ్వొచ్చు. ఇది పరీక్ష పుస్తకంలో చదివినప్పుడు అంకెలుగానే మిగిలింది, కోటీ ఇరవై లక్షల దగ్గర నా చేత్తో వేసినప్పుడు అర్థమైంది. ఆఫీసరు గారు ఫైలు నా వైపు జరిపి "ఇంకేం కనబడుతోంది మేడమ్?" అన్నారు. చాలాసేపు తిప్పాను. దుకాణం వాళ్ళు నెలనెలా ఇచ్చే సరుకు నిల్వ లెక్కలు, స్టాక్ స్టేట్‌మెంట్లు, ఒకదాని పక్కన ఒకటి పెడితే జూన్ నెలాఖరుకీ జూలై నెలాఖరుకీ ఒకటే అంకె ఉంది, రూపాయి తేడా లేకుండా. మా వైపు వానలు పడి నాట్లు మొదలయ్యే రోజులు, పొద్దున్నే ఆ దుకాణం ముందు ట్రాక్టర్లు ఆగి ఉండటం నేను రోజూ బస్సులోంచి చూస్తాను. సరుకు అంత కదిలే నెలలో నిల్వ అంకె అట్లాగే ఎలా ఉంటుంది? "ఇది జూన్ కాగితం మీద తేదీ మార్చి ఇచ్చినట్టుంది సార్, దుకాణానికి వెళ్ళి చూడాలి" అన్నాను. ఆయన తలూపి, "ఇది నేనూ చూశాను, మీరు పట్టుకుంటారా లేదా అని ఆగాను" అన్నారు. ఇంటికెళ్ళే బస్సులో ఆ సాయంత్రం నాకున్న సంతోషం ఉద్యోగం వచ్చిన రోజు కూడా లేదు.

డబ్బు లెక్క కూడా వెయ్యాలి, దాన్ని వదిలేసి కెరీర్ గురించి మాట్లాడటం నాకు నచ్చదు. చాలామంది క్లర్కులు చెప్పే మాట, ప్రమోషన్ తీసుకుంటే జీతం పెరిగేది కొద్ది, తిరిగేది దేశమంతా అని. అది నిజమా? 2024 మార్చి 8న సంతకాలైన 12వ ద్వైపాక్షిక ఒప్పందం, అంటే జీతాల మీద బ్యాంకులకీ ఉద్యోగ సంఘాలకీ కుదిరిన ఒప్పందం ప్రకారం క్లర్కు బేసిక్ 24,050 దగ్గర మొదలవుతుంది, అదే రోజు ఆఫీసర్లకి విడిగా కుదిరిన జాయింట్ నోట్ ప్రకారం స్కేల్-1 ఆఫీసరుది 48,480. కానీ నేను కొత్తగా చేరినదాన్ని కాదు కదా. పదమూడు ఏడాది ఇంక్రిమెంట్లు, డిగ్రీకి రెండు, జేఏఐఐబీకి ఒకటి, నా బేసిక్ ఇప్పటికే 55,060. అంటే ప్రమోషన్ రోజున పెరిగేది నిజంగానే కొద్ది. ఇంతవరకు అందరూ చెప్పేది సరే. తర్వాతి మెట్లు చూద్దాం. 57,400, 61,800, 64,480. అయిపోయింది, క్లర్కు స్కేలు అక్కడితో ఆఖరు, ఆ పైన కొన్నేళ్ళకొకటి చొప్పున వచ్చే స్టాగ్నేషన్ ఇంక్రిమెంట్లే. ఏం చెయ్యకుండా కూర్చున్నా 2028కల్లా నేను ఆ పైమెట్టు మీద ఉంటాను. అప్పటికి నాకు 41. రిటైర్మెంటు 60కి. స్కేల్-1 ఆఫీసరుది 85,920 దాకా, స్కేల్-2ది 93,960 దాకా వెళుతుంది. పైగా 2010 ఏప్రిల్ తర్వాత చేరినవాళ్ళం మేం, మాకు పాత పెన్షన్ లేదు, మేమూ బ్యాంకూ నెలనెలా కట్టే పెన్షన్ నిధి, ఎన్పీఎస్. బేసిక్, డీఏ మీద లెక్కగట్టి పడే డబ్బే రేపు ముసలితనంలో మాకు దిక్కు, కాబట్టి బేసిక్ ఆగిపోతే అదీ ఆ మేరకు ఆగుతుంది. ప్రమోషన్ రోజున ఎంత పెరుగుతుందని అడుగుతూ వచ్చాను ఇన్నాళ్ళూ. 2028 తర్వాత ఏం జరుగుతుందని ఎప్పుడూ అడగలేదు.

ఇంకో లెక్క అన్నిటికంటే గట్టిగా తగిలింది. చేరి పదమూడేళ్ళు. మిగిలింది ఇరవైరెండేళ్ళు. నేను కెరీర్ అయిపోయినదాన్లా మాట్లాడుతున్నాను గానీ చేసినదానికంటే చెయ్యాల్సింది తొమ్మిదేళ్ళు ఎక్కువుంది.

పాప ఇప్పుడు ఆరో తరగతి. పదో తరగతి 2029-30లో. ప్రమోషన్ వచ్చే ఏడాది వస్తే, బయట రాష్ట్రంలో వేసినా, మామూలుగా మూడేళ్ళకి తిరిగి అడగొచ్చు. అంటే తనకి పదో తరగతి వచ్చేసరికి నేను ఇంటి దగ్గరికి రావడానికి వీలుంది. ఈసారి కూడా వదిలేసి రెండేళ్ళ తర్వాత వెళితే సరిగ్గా పదో తరగతికి, ఇంటర్‌కి నేను దగ్గర లేకుండా పోతాను. పెళ్ళైన ఆడవాళ్ళని వీలైనంతవరకు భర్త ఉండే చోటికి దగ్గరగా వెయ్యమని 2014 ఆగస్టులో ఆర్థిక శాఖ ప్రభుత్వ బ్యాంకులకి లేఖ రాసింది, అది ఉంది, అడుగుతాను కూడా, కానీ "వీలైనంతవరకు" అన్న మాట మీద ఇల్లు కట్టుకోను. దూరం వేస్తారనే అనుకుని లెక్క వేసుకున్నాను. ఆఫీసర్లకి బ్యాంకు ఇంటి అద్దె చూస్తుంది, హోమ్ లోన్ ఈఎంఐ నడుస్తుంది, రెండు ఇళ్ళ ఖర్చు, నెలకోసారి రైలు. కష్టమే గానీ మునిగిపోం.

ఇదంతా నోటుబుక్కులో రాసుకోవడం ఒక ఎత్తు, ఇంట్లో చెప్పడం ఒక ఎత్తు. ఒక రెండో శనివారం మధ్యాహ్నం, బ్యాంకు సెలవు, మా ఆయన కూడా ఇంట్లోనే ఉన్నారు, అన్నాలు తిన్నాక విషయం ఎత్తాను. ఎలా మొదలుపెట్టాలో తెలియక నోటుబుక్కు ఆయన చేతికిచ్చాను. మూడు సర్క్యులర్ల తేదీలు, వాటి పక్కన ఖాళీ చూసి, "ఇదేంటి, ఇక్కడేం రాయలేదు?" అన్నారు. "రాయడానికేం దొరకలేదండి" అన్నాను. ఆయన చాలాసేపు మాట్లాడలేదు. "నువ్వు వద్దనుకుంటున్నావనే అనుకున్నా ఇన్నాళ్ళూ. అడిగితే పొమ్మన్నట్టు ఉంటుందేమో అని అడగలేదు" అన్నారు. ఇద్దరం ఒకరి కోసం ఒకరం ఆగి, ఏడేళ్ళు ఒకే ఇంట్లో ఉండి ఒక్కసారి కూడా ఈ మాట అనుకోలేదు.

అత్తయ్యగారు వంటింటి గడప దగ్గర కూర్చుని చిక్కుళ్ళు ఒలుస్తున్నారు. ఆవిడ తలెత్తకుండానే అన్నారు, "మీ మావయ్య కోసం ఆగావు, ఆయన ఆయుష్షు ఉన్నన్నాళ్ళు చూశావు. అది చాలమ్మాయ్. ఇప్పుడు నా పేరు చెప్పి ఆగితే ఆ ఉసురు నాకు తగులుతుంది. నా మోకాళ్ళు బాగున్నన్నాళ్ళు పిల్లని నేను చూసుకుంటా, బాగుండకపోతే అప్పుడే చెబుతా." పాప మాత్రం ఏడ్చింది. దానికి నేను ఏ సమాధానం చెప్పలేకపోయాను, ఇప్పటికీ చెప్పలేను. అది నోటుబుక్కులో ఏ పేజీలోనూ పట్టదు. రోజూ రాత్రి దాని పక్కన పడుకుని తల నిమురుతున్నప్పుడు నా లెక్కలన్నీ కదిలిపోతాయి, పొద్దున లేచి మళ్ళీ పేర్చుకుంటాను.

ఇప్పుడు ఏం చేస్తున్నానంటే, సీఏఐఐబీకి మళ్ళీ కట్టాను. సిలబస్ మారింది, నాలుగు పేపర్లు తప్పనిసరి, ఒకటి ఎంచుకునేది, మొత్తం ఐదు. ఎంచుకునేది రూరల్ బ్యాంకింగ్ తీసుకున్నాను, అది నేను రోజూ చేసే పనే. బ్యాంక్ ఫైనాన్షియల్ మేనేజ్‌మెంట్ అంటే 2016లో వచ్చిన టెన్షన్ ఇప్పటికీ ఉంది, అందుకే ముందు దాన్నే తెరిచాను. రాత్రిళ్ళు చదవడం నా వల్ల కాలేదు, రోజంతా కౌంటర్లో కూర్చున్నాక అక్షరాలు కనబడవు, పొద్దున నాలుగున్నర నుంచి ఆరు దాకా కూర్చుంటున్నాను, నాలుగో శనివారం మాత్రం పూర్తిగా. ఏ పేపరుకైనా యాభై రావాలి, లేదా ఒకే అటెంప్టులో అన్నిట్లో నలభయ్యయిదు తగ్గకుండా మొత్తం మీద సగటు యాభై. ఒకవేళ ప్రమోషన్ రాకపోయినా సీఏఐఐబీ పాసైతే క్లర్కుగానే రెండు ఇంక్రిమెంట్లు వస్తాయి, కాబట్టి ఈ చదువు ఎటు పోయినా వృథా కాదు.

నోటుబుక్కు చివరి పేజీలో నా కారణాలు రాసుకున్నాను, ఆపేవీ, నడిపించేవీ, రెండూ. ప్రతిదాని పక్కన రాసిన తేదీ, మళ్ళీ చూడాల్సిన తేదీ. అత్తయ్యగారి ఆరోగ్యం, 2026 ఏప్రిల్. పాప చదువు, ప్రతి జూన్. హోమ్ లోన్, 2027 మార్చి. "క్రెడిట్ రాదు" అనే దాన్ని ఈ డిసెంబరుకి చూడాలి. కిందన నేనూ మా ఆయనా సంతకాలు పెట్టాం. అత్తయ్యగారు చూసి తనూ పెడతానన్నారు, వణికే చేత్తో పేరు పూర్తిగా రాశారు.

సర్క్యులర్ ఇంకా రాలేదు. నిన్న కౌంటర్ పక్కన మళ్ళీ పాత వోచరు పెట్టుకున్నాను. "సార్ ని అడగండి" అని ఆరుసార్లు అన్నాను. రాత్రి ఒక్కొక్కటీ గుర్తు తెచ్చుకుని చూసుకున్నాను, ఆ ఆరూ నిజంగా సార్ నే అడగాల్సినవి.